కాగితానికి ముప్పై గుడ్లు

శామీర్‌పేట,
11 జూన్ 2001

ప్రియమైన లిఖితా,

ఉత్తరం మొదట్ల 'ప్రియమైన' రాయాలని బడిల నేర్పిండ్రు గనుక రాసిన. అంతకంటె ఎక్కువ అనుకోకు.

మా అబ్బాను హేచరీ నుంచి తీసేసిండ్రు. నీకు తెల్వదనుకునేంత అమాయకురాలిని గాను. తీసేసినట్టు ఇచ్చిన కాగితం కింద ఉన్నది మీ నాయిన సంతకమే. 'ఫణిభూషణ్, మేనేజర్' అని, చివర పొడుగు తోకతోటి. నీ ప్రోగ్రెస్ కార్డుల మీద చూసి చూసి నాకు బాగ యాదికున్న తోక.

పోయిన శుక్రవారం పొద్దున అబ్బా ఎప్పటిలెక్కనే డ్యూటీకి పోయిండు. గేటు కాడ గులాబిరంగు మందునీళ్ళ తొట్టి ఉంటది, గుర్తుందా? బయటి రోగం లోపలి గుడ్లకు అంటొద్దని ఎవరొచ్చినా అందుల పాదాలు ముంచి పోవాలె. చిన్నప్పుడు మనం కావాలని రెండు మూడు సార్లు దిగెటోళ్ళం. అబ్బా చెప్పులిడిసి దిగిండు. దిగినంక వాచ్‌మన్ లింగం అన్నడంట, "జలీల్ భాయ్, బయటికి రా. నీకిగ గా నీళ్ళతోటి పని లేదు" అని. కవరు అక్కడనే చేతుల పెట్టిండు. పంతొమ్మిదేండ్ల నౌకరి ఆ తొట్టిలనే అయిపోయింది. తడికాళ్ళ మీదనే ఇంటికొచ్చిండు.

కాగితం ఇంగ్లీషుల ఉంది. నేనే చదివి తెలుగు చేసి చెప్పిన. మొత్తం పదకొండు మందిని తీసేసిండ్రు. పది మందికి 'మనుషులు ఎక్కువైనందున' అని రాసిండ్రు. మా అబ్బా ఒక్కనికే 'విధుల్లో పదేపదే నిర్లక్ష్యం చేసినందున' అని. అబ్బా కాగితాన్ని తిప్పి తిప్పి చూసిండు. తర్వాత మెల్లగ అడిగిండు, "పదేపదే అంటె ఎన్నిసార్లు బేటీ?"

నువ్వు చెప్పు. ఎన్నిసార్లు?

హేచరీ ఓనరు పెద్దాయన జానకిరామయ్య బతికినన్ని రోజులు గుడ్లు పొదిగే గదిల మా అబ్బా మాటనే చెల్లింది. గుడ్డును మూసిన కంటిరెప్పకు ఆనిచ్చి వేడి ఎక్కువనో తక్కువనో చెప్పెటోడు. థర్మామీటరు ఆ తర్వాత చూసెటోళ్ళు. ఇప్పుడు పెద్దాయన అల్లుడు హేమచంద్ వచ్చిండు, కంప్యూటర్ మిషన్లు తెచ్చిండు. సరే, రెప్పతోటి పని లేదు. తీసెయ్యి. 'మనుషులు ఎక్కువైండ్రు' అని రాసి తీసెయ్యి. పంతొమ్మిదేండ్ల మనిషిని మచ్చ పెట్టి ఎందుకు పంపాలె?

ఈ కరీంనగర్ రోడ్డు పొడుగున ఇన్ని హేచరీలు ఉన్నయి. ఎవడైనా పనిల పెట్టుకునే ముందు పాత కాగితం అడుగుతడు. ఆ 'నిర్లక్ష్యం' ఉన్నన్ని రోజులు అబ్బాను గుడ్ల దరిదాపులకు గూడ రానియ్యరు. ఆయనకు ఇంకో పని రాదు. అందుకే ఒక్కటి అడుగుతున్న. నౌకరి వాపస్ ఇయ్యమంటలేను. ఆ ఒక్క మాట తీసేసి ఇంకో కాగితం ఇయ్యమని మీ నాయినకు చెప్పు. నీకోసం ఆయన ఏమన్నా చేస్తడని హేచరీల అందరికి ఎరుకే.

ఇట్లు,
ఇంకా నీ స్నేహితురాలినే అనుకుంటున్న
షహనాజ్


విశాఖపట్నం,
24 జూన్ 2001

ప్రియమైన షహనాజ్,

నాకు మా బళ్ళో వేరేగా నేర్పారు. ప్రియం లేకపోతే ఆ మాట రాయకూడదని. నేను రాశాను, చూసుకో.

నీ ఉత్తరం హాస్టల్ మెస్‌లో అందరి మధ్యా విప్పాను. నా మొహం చూసి పక్కమ్మాయి "ఏమిటే, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అంది. ఏం చెప్పను? ఎనిమిదేళ్ళ స్నేహితురాలు నన్ను బోనెక్కించిందని చెప్పనా?

మా నాన్నగారూ జీతానికి పనిచేసే మనిషేనే. హేమచంద్ గారు జాబితా ఇస్తారు, నాన్న సంతకం పెడతారు. పెట్టకపోతే ఆ జాబితాలో పన్నెండో పేరు ఆయనదవుతుంది. బీఏ చదివినదానివి, ఇది కూడా విడమర్చి చెప్పాలా?

అయినా నీ మాట కాదనలేక ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి అడిగాను. లైన్లో వెనక పదిమంది ఉన్నారు. నాన్న అన్నారు: "అమ్మడూ, ఊరికే అలా రాస్తానా? జలీల్ స్వయంగా రాసిచ్చిన క్షమాపణ పత్రాలు ఏడున్నాయి ఫైల్లో. తొంభై మూడు నుంచీ. మొన్న మే నెలలోది ఏడోది. తప్పు నాదే అని ప్రతిదాంట్లో ఉంది. ఇంకో యాజమాన్యం అయితే మొదటిదానికే పంపేసేది." 'నేను క్షంతవ్యుడను' అని ఎంత చక్కగా రాశాడో అని కూడా అన్నారు.

ఏడు, షహనాజ్! నేను చేసిన ఒక్క తప్పు ఒప్పుకోవడానికే నాకు నోరు రాదు. మీ అబ్బా ఏడుసార్లు ఒప్పుకున్నారు. పదేపదే అంటే ఎన్నిసార్లని ఆయన అడిగితే ఈ లెక్క చెప్పు. ఆయన రాసిచ్చిన సంగతి ఆయనకు తెలియదా? లేక నీకు చెప్పలేదా?

నీకు జాలి కావాలంటే బోలెడుంది. మా నాన్నని దోషిని చేస్తే తప్ప నీకు మనసు నిండదంటే మాత్రం నేనేం చేయలేను.

లిఖిత
(ఫణిభూషణ్ గారి కూతురు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.)


శామీర్‌పేట,
2 జులై 2001

ప్రియమైన మేనేజర్ గారి అమ్మాయికి,

'ఎంత చక్కగా రాశాడో' అన్నడా మీ నాయిన? నా తరఫున శుక్రియా చెప్పు. ఆ ఏడు కాగితాలు రాసింది నేను.

అబ్బాకు తెలుగు రాయరాదు. ఉర్దూ చదువుతడు. తెలుగుల ఒక్క సంతకం నేర్చుకున్నడు. ఇది మీ నాయినకు నాకంటె బాగ తెలుసు.

నేను ఎనిమిదిల ఉన్నప్పుడు మొదటిసారి గుడ్లు చెడిపోయినయి. మీ నాయిన అబ్బాను పక్కకు పిలిచి అన్నడంట: "పెద్దాయన మండిపోతున్నారు జలీల్. గదిలో సీనియర్‌వి నువ్వే. తప్పు నాది అని ఒక కాగితం రాసివ్వు, చల్లబడతారు. తర్వాత చించేస్తాలే." అబ్బా ఇంటికొచ్చి నాకు తెల్లకాగితం ఇచ్చిండు. "రాయి బేటీ. తప్పు నాది అని రాయి."

ఆయన చెప్పింది రెండే మాటలు. మిగిలిందంతా నా పైత్యం. మాకప్పుడు బడిల లేఖారచన చెప్తున్నరు. నాకేమో పెద్ద మాటలంటె మోజు. నా చిత్తు నోట్‌బుక్ ఇంకా ఉంది. మొదటిది మక్కీకి మక్కి దింపుతున్న, చదువు:

"మహారాజశ్రీ యజమాని గారి దివ్యసముఖమునకు, తమ సేవకుడు జలీల్ నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఈ నెల 18వ తేదీ ఆదివారము మధ్యాహ్నము నా అజాగ్రత్త వలన మిషను వేడెక్కి గుడ్లు చెడిపోయినవి. తప్పు పూర్తిగా నాది. నేను క్షంతవ్యుడను. ఇట్టి పొరపాటు పునరావృతము కానివ్వను. 22-4-1993."

'పునరావృతము' కోసం తెలుగు సారు ఇంటికి పోయి అడిగొచ్చిన. 'అజాగ్రత్త' అబ్బా చెప్పలే, నేనే కలిపిన. వాక్యం నిండుగ ఉంటదని.

కాగితం ఇచ్చిన రోజు మీ నాయిన అబ్బాకు ఒక ట్రే గుడ్లు ఇచ్చి పంపిండు. ముప్పై గుడ్లు. అమ్మీ ఖుషి. వారం దినాలు మాకు రోజూ గుడ్ల కూర. అప్పటిసంది అదొక రివాజు అయింది. ఫారం నుంచి పాడుగుడ్లు వచ్చినా, కరెంటు పోయినా, ఎవరి తప్పయినా గాని, సాయంత్రం అబ్బా తెల్లకాగితం తెచ్చెటోడు, నేను రాసెటిదాన్ని, మర్నాడు ట్రే వచ్చేది. కాగితానికి ముప్పై గుడ్లు. ఎవరి తప్పని నేను ఎన్నడు అడగలే. "కాగితమే గదా బేటీ" అనెటోడు అబ్బా. మొన్న మేల ఏడోది గూడ అట్లనే రాసిన. ఆ సారి ట్రే రాలే. నీకు తెలిసిన కవరు వచ్చింది.

పెద్దాయన గుస్స చల్లార్చడానికని రాయించుకున్న కాగితాలు, పెద్దాయన పోయినంక, నిర్లక్ష్యానికి సాక్ష్యం అయినయి. ఇది మీ నాయిన తెలివి.

నిన్న అబ్బా తూప్రాన్ అవతల ఒక హేచరీకి పోయిండు. వాళ్ళు ఛాయ్ తాగించి, కాగితం చూసి, ఇక్కడికి ఫోన్ చేసి, "మళ్ళ కబురు చేస్తం" అన్నరు. ఇంట్ల మా పొదుగుకోడి కింద తొమ్మిది గుడ్లున్నయి. అబ్బా పొద్దుమాపు ఒక్కొక్కటి తీసి రెప్పకు ఆనిచ్చి చూస్తున్నడు. కోడి గూడ పరేషాన్ అయితాంది.

చించేస్త అన్నడు గదా. ఆ ఏడు కాగితాలు వాపస్ ఇయ్యమను.

షహనాజ్
(దస్తూరీ గుర్తుపట్టు. నీ రికార్డుల బొమ్మల కింద పేర్లు రాసింది గూడ ఇదే చెయ్యి.)


శామీర్‌పేట,
19 ఆగస్టు 2001

లిఖితకు,

నెలన్నర చూసిన. జవాబు రాలే. అందుకని 'ప్రియమైన' ఈసారి లేదు.

పోయిన ఆదివారం కౌకూర్‌కు, మీ ఇంటికి పోయిన. మీ అమ్మ తలుపు తీసింది. "అమ్మడు వైజాగ్‌లో ఉంది కదమ్మా" అన్నది. "తెలుసు రాధమ్మాంటీ, సార్ కోసం వచ్చిన" అన్న. ఇదివరకు నేనొస్తే నేరుగ వంటింట్లకు పోయి గిన్నె మూతలు తీసేదాన్ని. ఈసారి వరండాల ప్లాస్టిక్ కుర్చీ వేసిండ్రు. తుడిచి మరీ వేసిండ్రు.

మీ నాయిన పేపరు మడవలే, కిందికి దించిండు అంతే.

"ఏమ్మా షహనాజ్, బావున్నావా? నాన్న ఎలా ఉన్నాడు?"

"మీరు రాసినట్టే ఉన్నడు సార్. నిర్లక్ష్యంగ."

"చూడమ్మా, చదువుకున్న పిల్లవి. ఆఫీసంటే కాగితమే. కాగితం మీద ఏముంటే అదే."

"చించేస్త అన్నరట గదా?"

"అన్నానేమో. ఆఫీసు కాగితాలు చించే అలవాటు నాకు లేదు."

"కోడిపిల్లలను చించే అలవాటు గూడ లేదు సార్ మా అబ్బాకు. వాటి పేరు మీద కాగితాలు రాయించింది మీరు."

అది నాకే అర్థం గాలే, కోపంల ఏదో అనేసిన. మీ అమ్మ భయపడ్డది. "అయ్యో, టీ చల్లారిపోతోంది తాగమ్మా" అని లోపలికి పోయి ఫోటోల ఆల్బమ్ తెచ్చింది. మాట మార్చడానికి పాపం ఆమెకు అదొక్కటే దొరికింది. "అమ్మడి ఓణీల ఫంక్షన్ ఫోటోలమ్మా. ఇదిగో నువ్వు కూడా ఉన్నావు" అని ఒకటి చూపించింది. నువ్వు చిలకపచ్చ పట్టు లంగాల, పూలజడతోటి, పక్కన కూలర్ ఊదుతుంటే ముంగురులు ఎగిరిపోతున్నయి. నేను షామియానా అంచుకు, మా చిన్నమ్మ కూతురి ఫ్రాక్ తొడుక్కోని, బుగ్గల లడ్డు పెట్టుకోని నిలబడి ఉన్న. మనం మొదటిసారి కలిసింది ఆ రోజే గదా. ఒక్క నిమిషం నా గుస్స దిగిపోయింది, అబద్ధం ఎందుకు.

అప్పుడు మీ నాయిన గట్టిగ అరిసిండు. "ఇప్పుడెందుకవి? లోపల పెట్టు ముందు!" నన్ను ఒక్క మాట అనని మనిషి మీ అమ్మ మీద అరిసిండు. మీ అమ్మ ఆల్బమ్ టప్పున మూసింది. నీ ఫోటోలు చూపిస్తే ఆయనకేం నొప్పి?

నేను లేస్తుంటే మీ అమ్మ క్యారీబ్యాగుల డజను గుడ్లు పెట్టిచ్చింది. మీ గేటు దిమ్మె మీద పెట్టొచ్చిన. కాగితం రాయకుండ గుడ్లు తీసుకునే అలవాటు మాకు లేదు.

లేబర్ ఆఫీసుల అర్జీ పెట్టిన. ఆధారాలు తెమ్మన్నరు. నా దగ్గర చిత్తు నోట్‌బుక్ ఒక్కటే ఉంది. దాన్ని చూసి అక్కడి క్లర్కు నవ్విండు: "అమ్మాయ్, ఇది మీ నాన్న తప్పు ఒప్పుకున్నట్టు ఇంకో సాక్ష్యం." నిజమే. ఏడుసార్లు సొంత తండ్రి మీద సొంత చేతితోటి రాసిన నా అసోంటి బిడ్డ జిల్లాల ఇంకోతి ఉండదు.

ఇది నా ఆఖరి ఉత్తరం. నువ్వు రాసినా నేను విప్పను.

షహనాజ్


కౌకూర్,
28 అక్టోబరు 2001

షహనాజ్,

విప్పనన్నావు కాబట్టి కవరు మీద నా పేరు రాయలేదు. దస్తూరీ చూసి అవతల పారేయకుండా పక్కింటి పాప చేత అడ్రసు రాయించాను. ఇంతదాకా వచ్చావు, మిగతాదీ చదువు.

నీ ఆగస్టు ఉత్తరం చివరిదాకా చదివి చింపేశాను. మా నాన్నని మా వరండాలోనే నిలదీసిన దానివి నాకెందుకు అనుకున్నాను. దసరాకి ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది, గేటు మీద గుడ్లు చూసి ఆవిడ ఏడ్చిందట. ఎందుకో నాకా ఆల్బమ్ చూడాలనిపించింది. టీపాయ్ కింద ఉండాల్సింది, లేదు. "నాన్నగారు అటక మీద ట్రంకుపెట్టెలో పెట్టించారు" అంది అమ్మ. పెళ్ళి ఆల్బమ్ కిందే ఉంది, తాతగారి షష్టిపూర్తిది కిందే ఉంది. నాది ఒక్కటే అటకెక్కింది. అందుకని నేనూ ఎక్కాను.

మొదటి పేజీలో ఆహ్వానపత్రిక అతికించి ఉంది. 18-4-1993, ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు. ఆ తేదీ ఎక్కడో చదివాననిపించింది. నీ జులై ఉత్తరం తీశాను. నువ్వు దింపి పంపిన మొదటి క్షమాపణ చదివాను. 'ఈ నెల 18వ తేదీ ఆదివారము మధ్యాహ్నము.'

తర్వాత నీ ఫోటో చూశాను. నీ వెనకాల షామియానా గుడ్డ పక్కకి తొలిగి ఉంది. అక్కడ ట్రాక్టర్ ట్రాలీ. ట్రాలీ మీద ఆకుపచ్చ జనరేటరు. దాని ఒంటి మీద తెల్లరంగుతో హేచరీ పేరు.

హేచరీకి అప్పట్లో ఉన్నది అదొక్కటే జనరేటరు, షహనాజ్. ఆ ఆదివారం కరెంటు తీస్తారని ముందే తెలిసి నాన్న దాన్ని మా ఇంటికి తెప్పించారు. నా ముంగురులు ఎగిరింది దానితో నడిచిన కూలర్ గాలికే. అదే గంటలో అక్కడ మిషన్‌లో ఫ్యాన్లు ఆగిపోయి గుడ్లు ఉడికిపోయాయి.

భోజనాల దగ్గర ఫోటో కంచం పక్కన పెట్టి అడిగాను. నాన్న దాన్ని దగ్గరికి లాక్కున్నారు.

"జలీలే ఎక్కించాడమ్మా ట్రాలీ మీదకి. వద్దనలేదు."

"వద్దంటే మీరు వినేవారా?"

"పెద్దాయనకి తెలిస్తే ఆ రోజే నన్ను పంపేసేవాడు. నీకప్పుడు పదమూడేళ్ళు. మనకి ఇక్కడ ఎవరున్నారు?"

"వాళ్ళకెవరున్నారు?"

నాన్న కంచం పక్కకి జరిపారు. ఎంగిలిచెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నారు.

ఇప్పుడు నీ సంగతి. పెరుగు తోడుకుందో లేదో కూడా అవతలివాళ్ళ మొహం చూసి చెప్పే కళ్ళు కదా నీవి! ఆ ట్రాలీలో ఆ జనరేటరుని ఆనుకుని కూర్చుని వచ్చింది నువ్వూ, మీ అమ్మీ. దిగగానే నువ్వు నాతో అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది: "దారి పొడుగూత గిది నా నడుములు విరగ్గొట్టింది." నాలుగు రోజుల తర్వాత ఆ కాగితం రాశావు. మా నాన్న దాచారు సరే. నీ కళ్ళముందు ఉన్నది నీకెందుకు కనబడలేదు? నన్ను మాత్రమే అడక్కు, నిన్ను నువ్వూ అడిగి చూసుకో.

ఫోటో పంపుతున్నాను. దానితో పాటు ఆ రోజు జనరేటరు మా ఇంట్లో ఉందని నేను రాసి సంతకం పెట్టిన కాగితం కూడా. నువ్వు వీటిని లేబర్ ఆఫీసులో పెడితే మా నాన్న ఉద్యోగం పోవచ్చు. తెలిసే పంపుతున్నాను. పెట్టమని చెప్పను, వద్దని చెప్పను. నిన్ను క్షమించమని అసలు అడగను. ఆ మాట రాసిస్తే ఏమవుతుందో చూశాను.

లిఖిత


శామీర్‌పేట,
9 డిసెంబరు 2001

ప్రియమైన లిఖితా,

ముందు నీ ప్రశ్నకు జవాబు. కనబడలే. ఎనిమిదేండ్లు అందరి మొహాలు చదివిన, నా నడుముకు తగిలిన ఇనుము మాత్రం చదవలే. ఇగ నువ్వు సంతోషపడు.

ఫోటో అబ్బాకు చూపించిన. జనరేటరు దిక్కు చూడనేలేదు. "గా ఫ్రాక్ నీకు లూజుండె" అన్నడు. ఎందుకు ఎక్కించినవు అని అడిగిన, నేను అరిసిననో ఏడ్చిననో యాదికి లేదు. "మేనేజర్ సాబ్ బిడ్డ ఫంక్షన్. మస్తు ఎండ. నువ్వు గూడ ఆడనే ఉంటివి గదా బేటీ" అన్నడు. కూలర్ గాలి నాకు గూడ తగుల్తదని. కరెంటు పోయినంక మిషన్ తలుపులన్ని తెరిచి, మూడు గంటలు అట్టముక్క పట్టుకోని విసిరిండంట. పన్నెండు వేల గుడ్లకు ఒక్క మనిషి, ఒక్క అట్టముక్క. నేను అప్పుడు రెండో లడ్డు తింటున్న.

"లేబర్ ఆఫీసుల పెడ్త అబ్బా" అన్న. "నక్కో బేటీ. ఆయన నౌకరి పోతది" అన్నడు. ఏడుసార్లు ఆయన చెప్పినట్టు రాసిన. ఎనిమిదోసారి వినలే. 'ఆ ఏడు కాగితాలు రాసింది నేను, అందులో మా తండ్రివి రెండు మాటలే, అవి గూడ ఆయనతోటి చెప్పించినయి' అని రాసి, కింద నా సంతకం పెట్టిన. నీ కాగితం, ఫోటో జత చేసిన.

విచారణ రోజు హేమచంద్ వచ్చిండు, మీ నాయిన వచ్చిండు. ఆఫీసర్ నాకు కలమిచ్చి అక్కడికక్కడే 'పునరావృతము' రాయమన్నడు. రాసిన. ఫైల్ల ఉన్న ఏడు కాగితాల పక్కన పెట్టి చూసిండు, నవ్వు ఆపుకున్నడు. తర్వాత ఫోటో బల్ల మీద పెట్టిండు. మీ నాయిన కాదనలే. అంతవరకు నేను చెప్త. ఒక్క మాట అబద్ధమాడితే గెలిచేటోడే, ఆడలే. హేమచంద్ మాత్రం ఫోటో దిక్కు చూడలే, మీ నాయిన దిక్కే చూసిండు.

పోయిన సోమవారం కొత్త కాగితం వచ్చింది. 'మనుషులు ఎక్కువైనందున.' పదిమందికి ఇచ్చిందే పదకొండో మనిషికి. పంతొమ్మిదేండ్లకు దొరికిన బిరుదు అదీ, దానికోసం ఆరు నెలలు తిరిగిన. అబ్బా దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి జేబుల పెట్టుకున్నడు. తూప్రాన్ అవతలి హేచరీ వాళ్ళు బుధవారం నుంచి రమ్మన్నరు. పాత మిషన్లంట. రెప్పతోటి పనుందంట.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న వాచ్‌మన్ లింగం మా ఇంటికొచ్చి చెప్పిండు. హేమచంద్ మీ నాయినను పిలిచి జనరేటరు సంగతి మీద ఒక కాగితం రాసియ్యమన్నడంట. "తప్పు నాదే అని రాసిస్తే చాలు, ఇంతటితో మర్చిపోదాం, మీరు పాత మనిషి" అన్నడంట. మీ నాయిన రెండు రోజులు టైం అడిగిండంట.

అది విని అబ్బా అన్నం ముంగట నుంచి లేసిండు. నన్ను తొందర పెట్టిండు. "లిఖితా బేటీకి జల్దీ రాయి. మేనేజర్ సాబ్‌ను ఏం రాసియ్యొద్దని చెప్పమను. నౌకరి పోతె పోనీ. మొదటిది ఒక్కటి రాస్తే ఇగ ఆగదని చెప్పమను." ఆయనను గేటు కాడ నిలబెట్టిన మనిషి కోసం కలం తెచ్చి నా చేతుల పెట్టిండు. ఈ ఉత్తరం అందుకే రాసిన. నీకు అందేలోపే రాసిస్తడేమోనని, రేపు పొద్దున అబ్బానే కౌకూర్‌కు పోతా అంటున్నడు.

ఇదంతా అబ్బా మాట. ఉన్నదున్నట్టు చేరవేసిన, ఒక్క ముక్క కలపలే.

నా మాట వేరే ఉంది. రాయమను. మంచి తెలుగు కావాలంటె శామీర్‌పేటకు పంపు. కాగితానికి ముప్పై గుడ్లు.

ఇట్లు,
చెయ్యి తిరిగిన
షహనాజ్